పంటి కింద పలుగు

ఫోటోలో శవం వీపు శుభ్రంగా ఉంది. మిగతావన్నీ పక్కన పెట్టి నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

"చూసింది చాలు, ఇటివ్వు బావా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అతను నా భార్య తమ్ముడు. ఆమె పోయి నాలుగేళ్లు. మా ఇద్దరి మధ్యా మిగిలింది ఈ పిలుపొక్కటే.

మేం ఉన్నది రాళ్ల పొడి మిల్లులో, బలపం గదిలో. పలక మీద రాసే బలపాలు ఏ రాయితో చేస్తారో ఆ రాయిని ఇక్కడ పిండి చేస్తారు. అది చంటిపిల్లల పౌడరు డబ్బాల్లోకి పోతుంది. గోడకు అవతల పలుగు గది. అక్కడ పలుగురాయిని పిండి చేస్తారు. అది గాజుకీ పింగాణీకీ పోతుంది. రెండు పిండ్లూ తెలుపే. కంటికి తేడా దొరకదు.

నిన్న ఒంటిగంటకు భోజనాల గంట కొట్టారు, మిల్లులు ఆగాయి. ఒకటీ నలభైకి మళ్లీ గంట. తిరిగొచ్చినవాళ్లకు ఈ గదిలో, పిండి గుట్టలో బోర్లా పడి ఉన్న మనిషి కనిపించాడు. మిల్లు టెస్టరు. రాయినీ గాలినీ పరీక్ష చేసి, కాగితం మీద సంతకం పెట్టడం అతని ఉద్యోగం.

"మెట్టు మీంచి జారాడు. మొహం పిండిలో కూరుకుపోయింది. ఊపిరాడలేదు. ప్రమాదం," అన్నాడు ఇన్‌స్పెక్టర్, అప్పజెప్పినట్టు.

"పిండి మోకాలి లోతు కూడా లేదు. లేవలేడా?"

"కళ్లు తిరిగాయేమో."

"పోస్టుమార్టంలో గొంతు లోపల చూడమన్నావా?"

"ముక్కు నిండా తెల్లపిండి ఉంది. పిండిలో పడ్డవాడి ముక్కులో బంగారం ఉంటుందా?"

"ఏ తెల్లపిండి?"

 ఫోటో నా చేతిలోంచి లాక్కున్నాడు. గడియారం చూసుకున్నాడు. పదకొండు ఇరవై.

"ఒక మాట అడుగుతాను బావా. వీడి కాగితం వల్ల మా అక్క పోయింది. ఆ సంగతి గుర్తుందా, మర్చిపోయావా?"

మర్చిపోలేదు. నా భార్య ఆరేళ్లు పలుగు గదిలో బస్తాలు కుట్టింది. మూడు నెలలకోసారి టెస్టరు సంతకం పెట్టేవాడు: ఆ గది గాలిలో ఉన్నది బలపం పొడి మాత్రమే, భయపడనక్కర్లేదు అని. ఆ కాగితం చూసి డాక్టరు జలుబన్నాడు. చివరి ఏడాది ఆమె పడుకుని నిద్రపోలేదు. గోడకు ఆనుకుని కూర్చునేది. గోడ మీద ఆ మరక ఇంకా ఉంది. నేను సున్నం వేయించలేదు.

అలా పోయినవాళ్లు పదకొండు మంది. ఇవాళ మూడు గంటలకు విచారణ కమిషన్ కూర్చుంటుంది. పాత కాగితాలే నిజమనుకుంటే యజమాని ఇంటికి పోతాడు. అబద్ధమని తేలితే జైలుకి పోతాడు. మిల్లుకు సీలు పడుతుంది. మధ్యలో ఇంకో దారి లేదు.

"గుర్తుంది," అన్నాను. "అందుకే వచ్చాను."

ఉదయం ఎనిమిదింటికి చచ్చినవాడి అక్క నా డిటెక్టివ్ ఆఫీసుకొచ్చింది. చేతిలో ఒక సంచి, ఒక పొడుగాటి కవరు. ప్రమాదమని రాసేశారు కాబట్టి పోలీసులు బట్టలూ గడియారమూ అప్పుడే ఆమెకు ఇచ్చేశారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా తమ్ముడు మీకు శత్రువు. నాకు తెలుసు. అందుకే మీ దగ్గరికొచ్చాను," అంది. "మీరు వాడి మీద జాలిపడరు. జాలిపడేవాళ్లు వెతకరు, ఏడుస్తారు. ఏడవడానికి నేనున్నాను."

"నేను వెతికితే మీకేం కావాలి?"

"వాడి పీక పట్టుకున్నవాడు కావాలి. వాడెందుకు చేశాడో నాకు అనవసరం."

అప్పుడు కవరు ఇచ్చింది. నాలుగు పేజీలు చదివాను. కంఠతా వచ్చేదాకా మళ్లీ చదివి, సంచి తీసుకుని బయల్దేరాను.

ఇప్పుడు సంచిలోంచి గడియారం తీసి ఇన్‌స్పెక్టర్ కళ్ల ముందు పెట్టాను. అద్దం మీద సన్నటి గీతలు. పొగ పట్టినట్టుంది.

"మొన్న ఆదివారమే వాళ్లక్క కొత్త అద్దం వేయించింది. మూడు రోజుల్లో ఇలా అయింది."

"పిండిలో పడింది కదా."

గుట్టలోంచి చిటికెడు బలపం పిండి తీసుకున్నాను. నా గడియారం అద్దం మీద పోసి బొటనవేలితో గట్టిగా రుద్దాను. తుడిచి చూపించాను. ఒక్క గీత లేదు.

"బలపాన్ని గోటితో గీయొచ్చు. అది గాజుని ఏం గీస్తుంది?"

చచ్చినవాడి ప్యాంటు అడుగు మడత విప్పాను. అక్కడ ఇరుక్కున్న పొడి కొంచెం తీసి అదే అద్దం మీద రుద్దాను. కిర్రుమంది. అద్దం పాడైంది. మిగిలిన పొడి నాలుక మీద వేసుకుని పళ్ల మధ్య కొరికాను.

"ఛీ, ఏంటి బావా ఇది? శవం బట్టల్లోది."

"చిన్నప్పుడు బడిలో బలపాలు తిన్న నోరు నాది. బలపం పంటి కింద సబ్బులా జారుతుంది. ఇది కరకరమంటోంది. ఇక్కడి పనివాళ్లు బస్తా మూతి కట్టే ముందు ఇలాగే కొరికి చూస్తారు. ఇది పలుగు. వీడు ఈ గదిలో చావలేదు. గోడకు అవతల పెనుగులాడి, అవతలే చచ్చాడు. మోసుకొచ్చి ఇక్కడ పడేశారు."

ఇన్‌స్పెక్టర్ తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు.

"ఇంకా ఉంది," అన్నాను. "ఆ ఫోటో మళ్లీ చూడు. పలుగు గది నేల మీద దొర్లినవాడి వీపు తెల్లగా ఉండాలి. ఉతికి ఆరేసినట్టుంది. గాలి గొట్టంతో కొట్టారు. ఇక్కడి రూలు నీకూ తెలుసు. మీ అక్క చెప్పేది."

తెలుసు. పలుగు గదిలోంచి బలపం గదిలోకి అడుగు పెట్టాలంటే ముందు గుమ్మం దగ్గర గాలి గొట్టంతో ఒళ్లంతా దులుపుకోవాలి. పిల్లల పౌడరులో చిటికెడు పలుగు కలిసినా సరుకంతా వెనక్కి వస్తుంది. ముందు వైపు ఎవరిది వాళ్లు కొట్టుకుంటారు. వీపు మాత్రం ఒకరిది ఒకరు కొడతారు.

"గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నాడట. ఈ దొంగ ఇంకో మెట్టు ఎక్కాడు. శవం భుజాలు కూడా దులిపాడు. బయటి రౌడీ అయితే దులపడు. యజమానికి గొట్టం పట్టుకోవడమే రాదు. మనిషిని చంపి, మోసుకుపోతూ కూడా, బలపం పాడవుతుందేమోనని గుమ్మం దగ్గర ఆగాడంటే, వాడు ఈ మిల్లులో ముసలివాడైన మనిషి."

"పేరు చెప్పకు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.  "నాకు వినాలని లేదు. పదకొండు మందిని మింగినవాడు పోయాడు, పీడ వదిలింది. ఎవడు చేశాడో గాని వాడికి దండం పెడతాను. నువ్వూ పెట్టు. మా అక్కకి తాళి కట్టినవాడివి."

"అందుకే కళ్లు మూసుకుని ప్రమాదం అని రాశావు."

"రాశాను. నా ఉద్యోగం నా ఇష్టం. చచ్చినోడి కళ్లు చారెడని వాళ్లక్క ఏదో చెప్పి ఉంటుంది. నువ్వు కరిగిపోయావు."

కవరు తీసి అతని చేతిలో పెట్టాను. "చదువు."

చదివాడు. రెండో పేజీలో ఆగాడు. మళ్లీ మొదటికి వెళ్లాడు.

అది టెస్టరు కమిషన్‌కు రాసుకున్న నివేదిక. ఇన్నేళ్లూ గాలి పట్టే డబ్బాను, అంటే గదిలోని పొడిని లోపలి కాగితం మీదకు లాగే పెట్టెను, మిల్లు మేస్త్రీ తెచ్చి ఇచ్చేవాడు. లోపలి కాగితం మీద ఉన్నది ఇతను పరీక్ష చేసేవాడు. అది బలపమే. డబ్బా ఏ గదిలో పెట్టారని ఇతను ఎన్నడూ అడగలేదు. అడగకపోవడం తన నేరమని తనే రాసుకున్నాడు. పోయిన నెల మొదటిసారి డబ్బా తనే పట్టుకుని పలుగు గదిలో నాలుగు గంటలు కూర్చున్నాడు. కాగితం మీద పలుగు దొరికింది. పరిమితికి తొమ్మిది రెట్లు. చచ్చిన పదకొండు మంది పేర్లూ చివర వరసగా రాశాడు. నాలుగోది నా భార్యది.

"మూడింటికి వీడు మన తరఫున నిలబడేవాడు," అన్నాను. "ప్రమాణం చేసి చెప్పే మనిషి లేకపోతే ఇది ఉత్త కాగితం. మన సాక్షి పీక నొక్కినవాడికి దండం పెడతావా?"

ఇన్‌స్పెక్టర్ కవరు మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు. నా మొహం చూడలేదు.

"ఆసుపత్రికి వెళ్తాను. గొంతు లోపల కడిగించి ఏ పిండి ఉందో చూపిస్తాను. రెండింటికల్లా వస్తాను," అన్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "వాడి మీద నీకు పగ పోయిందా?"

"పోలేదు. నా వంతు ఇంకెవడో తీసుకున్నాడు. అది నాకు నచ్చలేదు."

పన్నెండు నలభైకి యజమాని గదిలో ఉన్నాను. కూర్చోమనలేదు. బల్ల మీద కాగితాలు ఎగరకుండా మూడు రాళ్లు. ఒకటి పలుగు, ఒకటి బలపం, ఒకటి అభ్రకం.

"నిన్న పన్నెండున్నరకి మేస్త్రీని పిలిపించారట."

"రోజూ పిలిపిస్తాను. పని చెప్పాలి కదా."

"నిన్న చెప్పిన పనేంటి?"

నవ్వాడు. "డిటెక్టివ్ గారూ, మీకు మా మీద కోపం ఉంది. అర్థం చేసుకోగలను. కానీ ఆ కాగితాల్లో అబద్ధం ఏముంది? పలుగైనా బలపమైనా సిలికేటే. సిలికాన్, ఆక్సిజన్. ఒక తల్లి పిల్లలు. మీరు నిలబడ్డ నేలలో ముప్పాతిక వంతు ఆ రెండే. నేల మీద కేసు పెడతారా?"

అక్కడ నోరు మూసుకోవలసింది. మూసుకోలేదు. బలపం రాయి తీసి గోటితో గీశాను. గీత పడింది. పలుగు తీసి అతని బల్ల అద్దం మీద, ఆ చివర నుంచి ఈ చివరకి గీశాను.

"ఒక తల్లి పిల్లలే. అందరూ హంతకులు కారు," అన్నాను. "ఒక్కో సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు. బలపంలో మూడు మూలలే పక్కవాటితో కలుస్తాయి. పొరలు పొరలుగా ఉంటుంది, మధ్యలో మెగ్నీషియం. పొర మీద పొర జారుతుంది, అందుకే మెత్తన. పలుగులో నాలుగు మూలలూ కలిసిపోతాయి. జారే సందు లేదు. ఊపిరితిత్తిలోకి పోతే కరగదు, బయటికి రాదు. చుట్టూ ఉన్న కండ గట్టిపడి రాయవుతుంది."

యజమాని అద్దం మీది గీత చూడలేదు. నన్ను చూశాడు.

"బాగా చెప్పారు," అన్నాడు నెమ్మదిగా. "మా టెస్టరు కూడా అచ్చం ఇలాగే చెప్పేవాడు. ఇవే మాటలు."

ఆ మాటలు నివేదికలోవి. నివేదిక ఒకటుందని, దాన్ని నేను చదివానని అతనికి నా నోటితోనే చెప్పాను. పగతో వాగేవాడు ఎప్పుడూ ఒక మాట ఎక్కువ వాగుతాడు.

ఒంటిగంటకు గంట కొట్టారు. మిల్లులు ఆగాయి. అందరూ భోజనాలకు వెళ్లారు. ఒకటీ అయిదుకు పలుగు గదిలోకి వెళ్లాను. మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. ముప్పై ఏళ్ల నౌకరీ. కనుబొమల్లో తెల్లపిండి, గొంతులో పిల్లికూత. అతని భార్యా ఇక్కడే బస్తాలు కుట్టింది. ఎనిమిది నెలల కింద పోయింది. నివేదికలో పదకొండో పేరు ఆమెదే.

గది తిరిగి చూశాను. కిటికీ లేదు. ఒకే తలుపు, దానికి అరచేయంత అద్దం. కప్పులో పిండి తొట్టి, దాని మూతి గది మధ్యకు. మూత తెరిచే చక్రం బయట ఉంది. మేకుకు రబ్బరు మాస్కు ఒకటి వేలాడుతోంది. అధికారులు చూడ్డానికొచ్చినప్పుడు చూపించడానికి. ఆ పక్క చెక్క మీద గాలి పట్టే డబ్బా.

"అన్నం తినలేదా మేస్త్రీ?"

"ఆకలి లేదు బాబూ."

"బలపం గదిలోకి వెళ్లాలి. కాస్త నా వీపు కొడతావా?"

గొట్టం తీసుకున్నాడు. నేను గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి నిలబడ్డాను. గాలి తగిలింది. కుడి భుజం నుంచి నడుం దాకా మూడుసార్లు. ఎడమ భుజం నుంచి మూడుసార్లు. తర్వాత వేలితో నా చొక్కా కాలరు పైకి లేపి, దాని కింద ఒకసారి. గొట్టం మేకుకు తగిలించాడు.

కాలరు దించలేదు.

నా మెడ తడిమి చూసుకున్నాను. మామూలుగా ఎవరూ గమనించరు. వెళ్తూ ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన ఫోటో రెండో ప్రతి జేబులోంచి తీసి అతనికిచ్చాను. బోర్లా పడ్డ శవం. శుభ్రమైన వీపు. పైకి లేచిన కాలరు.

మేస్త్రీ చూశాడు. తర్వాత బస్తా మీద కూర్చున్నాడు.

"చెయ్యి దానంతటదే పోయింది బాబూ," అన్నాడు. "భుజానేసుకుని గుమ్మం దాకా వచ్చాను. ఆగాను. పసిపిల్లల ఒంటికి రాసేది కదా. పలుగు పడితే ఎలా అనుకున్నాను. దింపి, దులిపి, మళ్లీ ఎత్తుకున్నాను."

"ఎంతసేపు పట్టుకున్నావు, పిండిలో?"

"నాలుగు నిమిషాలు. ఒకటీ ఎనిమిది నుంచి పన్నెండు దాకా. గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. నా భార్యకి పోయే ముందు ఎనిమిది నెలలు ఊపిరాడలేదు. వాడికి నాలుగు నిమిషాలు. చవగ్గా పోయాడు."

"ఏం చేస్తున్నాడు వాడు అప్పుడు?"

"ఆ డబ్బా ఎత్తుతున్నాడు. మళ్లీ బలపం గదిలోకి తీసుకుపోడానికే. కడుపు మండిపోయింది."

నాకు జాలి కలగలేదు. పదకొండు ఇళ్ల సాక్షిని ఇతను తన ఒక్కడి పగకు ఖర్చు పెట్టేశాడు. ఉరి వేస్తారు, అది వాళ్ల పని. నా పని నేను చేశాను. నివేదిక నాకు కంఠతా వచ్చు. ముక్క పోకుండా చెప్పాను. డబ్బా ఎక్కడిది, కాగితం ఎక్కడిది, తొమ్మిది రెట్లు, పదకొండు పేర్లు, చివరి పేరు ఎవరిది.

"నిన్న డబ్బా ఎత్తుతున్నాడన్నావు. ఎత్తలేదు. పెడుతున్నాడు. ఈ గది గాలే మరోసారి పట్టి ఇవాళ మూడింటికి చూపిస్తానని నివేదికలో రాశాడు."

మేస్త్రీ చెక్క మీది డబ్బా వైపు చూశాడు. 

"ఇంకోటి విను. ఇన్నేళ్లూ ఆ డబ్బాను బలపం గదిలో పెట్టి, అక్కడి గాలి పట్టి తెచ్చింది ఎవరి చెయ్యి?"

"అయ్యగారు అక్కడ పెట్టమనేవారు," అన్నాడు. "పిండి పిండే కదా అనేవారు. నాకేం తెలుసు బాబూ? నాకేం తెలుసు?"

"టెస్టరు కూడా అదే అన్నాడు, అడగలేదని. వాణ్ని చంపావు. నిన్ను ఎవరు చంపాలి?"

అతను తల దించుకున్నాడు. దగ్గు వచ్చింది. ఆగేదాకా చూస్తూ ఉన్నాను, నీళ్లివ్వలేదు.

"నిన్న పన్నెండున్నరకి," అన్నాడు చివరికి, "అయ్యగారు పిలిచారు. రేపు టెస్టరు ఎప్పట్లాగే బలపమనే చెబుతాడు, నీ భార్య సంగతి మర్చిపో అన్నారు. ఒంటిగంటకి డబ్బా తియ్యడానికి ఒక్కడే వస్తాడు, నువ్వు గొడవ చెయ్యకు అన్నారు. గొడవ చెయ్యకు అని రెండుసార్లు అన్నారు."

అదీ సంగతి. పీక నొక్కిన చేతులు మేస్త్రీవి. టెస్టరు నిజం చెప్పబోతున్నాడని తెలిసి, వాటిని నాలుగు అబద్ధాలతో ఆడించినవాడు మేడ మీద కూర్చున్నాడు. దీనికి కాగితం లేదు. డబ్బా ఏ గదిలో పెట్టమన్నాడో, నిన్న ఏమన్నాడో చెప్పగలిగిన మనిషి ప్రపంచంలో ఒక్కడే. ఈ బస్తా మీద దగ్గుతున్నవాడు.

"మూడింటికి నాతో వస్తావు," అన్నాను. "రెండూ చెబుతావు. డబ్బా సంగతీ, నిన్నటి సంగతీ. తర్వాత నీ చావు నువ్వు చావు."

"వస్తాను," అన్నాడు.

తలుపు మూసుకుంది. బయట గడియ పడిన చప్పుడు. గోడ గడియారం ఒకటీ ముప్పై ఒకటి చూపిస్తోంది. భోజనాలు ముగిసే గంటకు ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి. గోడల అవతల అన్ని మిల్లులూ ఒక్కసారి లేచాయి. మా అరుపు ఇక బయటికి వినిపించదు.

మేస్త్రీ తల పైకెత్తాడు. నేనూ ఎత్తాను. తొట్టి మూతి తెరుచుకుంటోంది. ముందు తాడులా సన్నగా జారింది పిండి. తర్వాత బస్తాకు బస్తా కుమ్మరించినట్టు పడింది.

"ఎనిమిది టన్నులు బాబూ," అన్నాడు మేస్త్రీ. "నిన్న సాయంత్రమే నింపాం."

తలుపుకున్న అద్దంలో ఒక మొహం. ముక్కుకు రుమాలు కట్టుకుని ఉంది. అయినా పోల్చాను. పెనుగులాడుతున్న మమ్మల్ని చూడ్డానికి కాదు, తన చేతి గడియారంతో మా గోడ గడియారం సరిచూసుకోవడానికి వచ్చినట్టు చూసి, యజమాని వెళ్లిపోయాడు. ఇన్‌స్పెక్టర్ రావడానికి ఇంకా అరగంట ఉంది.

తలుపుకు భుజం ఆన్చి మూడుసార్లు గుద్దాను. ఇనుము. కదల్లేదు. గది తెల్లబడింది. నాలుక మీద, పళ్ల మధ్య కరకర. నా భార్య ఆరేళ్లు కొరికిన రుచి.

మేకు మీది మాస్కు తడిమి పట్టుకున్నాను. ఒక్కటే ఉంది. మేస్త్రీ దాన్ని నా వైపు తోశాడు.

"మీరు పెట్టుకోండి. నేను ముప్పై ఏళ్లు పీల్చాను. ఇంకో అరగంటకేముంది?"

అతని జుట్టు పట్టుకుని తల నిటారుగా లేపాను. మాస్కు అతని మొహానికే నొక్కి, వెనక పట్టీలు బిగించి ముడేశాను. నా చొక్కా విప్పి నా ముక్కుకు కట్టుకున్నాను. బస్తాల మీద బస్తా ఎక్కించి, అతన్ని పైకి తోశాను.

క్షమించి కాదు. మూడు గంటలకు ఆ నోరు నాకు కావాలి.